స్టేషన్‌కు రాని డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాత్రికి రాత్రి మీ రొయ్యల చెరువు గట్టు మీద నాలుగు ఏరేటర్ (నీళ్లకు గాలి అందించే యంత్రం) మోటార్లు పోయాయి. స్టేషన్‌కు ఫోన్ చేస్తే జీపు బందోబస్తుకు వెళ్లిందన్నారు. మర్నాడు మీరే వెళ్తే, డీజిల్ కొట్టిస్తే ఇప్పుడే వచ్చి చూస్తామన్నారు. ఇన్ని పన్నులు కడుతున్నాం, రోడ్డు మీద ఆపి ఇన్ని చలానాలు రాస్తున్నారు, ఆ డబ్బంతా ఏమవుతోంది, డీజిల్‌కు కూడా దిక్కులేని స్టేషన్ ఎలా నడుస్తోంది అని అడిగారు. డీజిల్ ఇవ్వాలా వద్దా అని కూడా అడిగారు.

ఇవ్వకండి. మిగతాది వివరంగా చెబుతాను.

నేను 1985లో కానిస్టేబుల్‌గా చేరి 2025లో ఎస్సైగా రిటైరయ్యాను. సర్వీసంతా గోదావరికి అటూ ఇటూ ఉన్న స్టేషన్లలోనే గడిచింది. అందులో పదకొండేళ్లు స్టేషన్ రైటర్‌గా చేశాను. ఏ కాగితం ఎక్కడుంది, ఎవరు ఏ డ్యూటీలో ఉన్నారు, ఏ బిల్లు ఎన్నాళ్లుగా రాలేదు అన్నది ఎస్సై కన్నా ముందు రైటర్‌కు తెలుస్తుంది. డబ్బు లేకపోతే స్టేషన్ ఎలా నడుస్తుందో ఆ కుర్చీలో కూర్చుని చూశాను.

పోలీసు శాఖ రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోది. మీ స్టేషన్‌ను పోషించాల్సింది రాష్ట్ర బడ్జెట్టే. అందులో సింహభాగం జీతాలకు పోతుంది. అది తప్పేమీ కాదు, మనుషులు చేసే పని కాబట్టి మనుషులకే ఖర్చవుతుంది. ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడు జీతాలు ఆపలేరు కదా, కోత పడేది మిగిలిన చిన్న ముక్క మీదే: డీజిల్, స్టేషనరీ, వాహనాల రిపేర్లు, టీఏ (ప్రయాణ భత్యం), సరెండర్ లీవు (వాడుకోని సెలవులకు ఇచ్చే డబ్బు). బడ్జెట్ పుస్తకంలో అవి కంటికి ఆనని పద్దులు. కానీ పోలీసు స్టేషన్ గుమ్మం దాటి మీ చెరువు దాకా రావాలంటే కావాల్సినవన్నీ ఆ పద్దుల్లోనే ఉన్నాయి. నేను రైటర్‌గా ఉన్నప్పుడు నెలకు ఇచ్చే డీజిల్ మూడో వారానికే అయిపోయేది. నాలుగో వారంలో నేరాలు ఆగవు.

చలానాల గురించి చాలామందికి అపోహ ఉంది. మీరు కట్టే జరిమానా నేరుగా ప్రభుత్వ ఖజానాకు జమవుతుంది, స్టేషన్‌కు రూపాయి మిగలదు. సంక్రాంతికి పందెం బరిలో పట్టుకున్న నగదు కూడా లెక్క రాసి కోర్టులో దాఖలు చేయాల్సిందే.

కేంద్రం నుంచీ డబ్బు వస్తుంది. పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం కింద మన లాంటి రాష్ట్రాలకు 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. 2021-22 నుంచి 2025-26 దాకా అయిదేళ్లకు దేశంలోని అన్ని రాష్ట్రాల పోలీసులకూ కలిపి దీని కింద 4,846 కోట్లు అనుకున్నారు. ఈ డబ్బుతో ఆయుధాలు, పరికరాలు, కంప్యూటర్లు లాంటి వస్తువులు వస్తాయి. వస్తువును రోజూ నడపడానికి అయ్యే ఖర్చు మళ్లీ ఆ చిన్న పద్దుల్లోంచే తీయాలి. 2008 ముంబై దాడుల తర్వాత తీరప్రాంత రక్షణకు ఊపు వచ్చి, మన తీరంలోని మెరైన్ స్టేషన్లకు మంచి వేగమైన బోట్లు ఇచ్చారు. అలాంటి బోటు ఎంత డీజిల్ తాగుతుందో ఊహించుకోండి. ఉప్పు నీళ్లలో ఇంజన్ పాడైతే బాగుచేసేవాడు మన ఊళ్లో దొరకడు. బోటును రేవులో కట్టేసి, చేపలవాళ్ల బోటు బతిమాలి తీసుకుని గస్తీకి వెళ్లిన సిబ్బంది నాకు తెలుసు.

రాని డబ్బుకు బదులు ఎవరు పెట్టుకుంటారు అంటే, మొదట కానిస్టేబుల్. ఒక ఉదాహరణ చెబుతాను, డెల్టాలో పనిచేసిన వాళ్లందరికీ తెలిసిందే. కాలవలో పడిన మనిషి ఎన్నో ఊళ్లు దాటి ఏ లాకుల దగ్గరో తేలతాడు. ఒక కార్తీక మాసంలో, తెల్లవారుజామున లస్కరు (కాలవ కాపలా చూసే ఉద్యోగి) ఫోన్ చేశాడు, లాకు తలుపుకు శవం ఆనుకుని ఉందని. నేనూ మా హెడ్ కానిస్టేబులూ వెళ్లాం. నీళ్లలో మూడు రోజులు నానిన శవం. పైకి తీయడానికి ఇద్దరు ఈతగాళ్లను పిలిపించాం. వాళ్లకు డబ్బుతో పాటు మందు కూడా ఇప్పించాలి, అది లేకుండా ఎవరూ ఆ నీళ్లలోకి దిగరు. కింద పరవడానికి టార్పాలిన్ పట్టా, మార్చురీకి తీసుకెళ్లడానికి ట్రక్కు ఆటో. మామూలు కిరాయికి ఏ ఆటోవాడూ ఒప్పుకోడు, తర్వాత బండి కడిగించుకోవాలి కదా. ఎవరైనా వస్తారేమోనని మూడు రోజులు మార్చురీలో ఉంచి, ఎవరూ రాకపోతే గొయ్యి తీయించి పూడ్చాలి. దానికి ఇద్దరు కూలీలు. మొఖం మీద కప్పడానికి మా హెడ్ ఒక కొత్త తువ్వాలు కొన్నాడు. అది ఏ రూల్లోనూ లేదు.

ఆయనకు అంతా కలిపి 4,700 రూపాయలు అయింది. నేను బిల్లు రాసి పంపాను. రసీదులు లేవని తిరిగొచ్చింది. ఈతగాళ్ల వేలిముద్రలతో వోచర్లు రాయించి మళ్లీ పంపాను. ఆయన రిటైరయ్యేదాకా ఆ డబ్బు రాలేదు.

దీని వల్ల జరిగే పాపం ఒకటుంది, అది కూడా చెప్పకపోతే నేను నిజం దాచినట్టే. కాలవకు ఈ గట్టు ఒక స్టేషన్‌ది, ఆ గట్టు ఇంకో స్టేషన్‌ది అయినచోట, శవాన్ని గెడతో మెల్లిగా అవతలి ఒడ్డుకు నెట్టడం నేను కళ్లారా చూశాను. నేను అప్పుడు చిన్న కానిస్టేబుల్ని, నోరు విప్పలేదు. నెట్టినవాడు చెడ్డవాడు కాదు. నెల చివర, జేబులో డబ్బు లేదు, అంతే. కానీ ఆ శవం ఎవరో ఒకరి తండ్రి. గోదారి గట్టున పుట్టినవాణ్ని, ఆ గెడ చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేదు.

రెండోది, సిబ్బంది పని గంటలు. నేను చివరగా పనిచేసిన స్టేషన్‌కు మంజూరైన సిబ్బంది 38 మంది, రోల్‌లో ఉన్నది 26. అందులో కోర్టు డ్యూటీ ఒకరు, టపాలు పట్టుకెళ్లేవారు ఒకరు, రైటర్ ఒకరు, కంప్యూటర్ దగ్గర ఒకరు, రిసెప్షన్‌లో ఒకరు, సెంట్రీకి ముగ్గురు. వేరే ఆఫీసులకు అటాచ్ చేసినవాళ్లు నలుగురు. ట్రైనింగులోనో సెలవులోనో ముగ్గురు. సమన్లు, వారంట్ల మీద తిరిగేవాళ్లు ఇద్దరు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్లు నలుగురు. లెక్క వేయండి, పగటిపూట మిగిలేది అయిదుగురు. పద్దెనిమిది ఊళ్లకు అయిదుగురు.

ఆ అయిదుగురిలోంచే బందోబస్తుకు పంపాలి. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు పెరిగాక ప్రతి శనివారం రావులపాలెం నుంచి ఆత్రేయపురం దాకా రోడ్డు జనంతో నిండిపోతోంది. తిరునాళ్ల అయితే ఏడాదికోసారి, ఇది వారం వారం. చుట్టుపక్కల స్టేషన్ల నుంచి మనుషుల్ని లాగకుండా కుదరదు. సంక్రాంతి మూడు రోజులూ ఒకపక్క బరులు, గుండాట. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. నా నలభై ఏళ్ల సర్వీసులో సంక్రాంతి భోజనం ఇంట్లో చేసింది నాలుగుసార్లు. మీరు ఫోన్ చేసిన రోజు ఏ వారమో నాకు తెలియదు. శనివారమైతే జీపు లేదన్న మాట అబద్ధం కాకపోవచ్చు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. జనానికి అది మేలు, అమలాపురం మనిషి ఎస్పీని కలవాలంటే కాకినాడ దాకా వెళ్లనక్కర్లేదు. కానీ కొత్త జిల్లా అంటే కొత్త ఎస్పీ ఆఫీసు, కంట్రోల్ రూమ్, స్పెషల్ బ్రాంచి, ఆర్మ్‌డ్ రిజర్వు. ఇవన్నీ పాత రెండు గోదావరి జిల్లాల బలగంలోంచే, ‘ఆర్డర్ టు సర్వ్’ (ఉన్నచోటి నుంచి తీసి వేరేచోట పనిచేయమనే ఉత్తర్వు) అంటూ సర్దారు. మనుషులు పెరగలేదు, కుర్చీలు పెరిగాయి. సరిగ్గా యాభై రోజులకు, మే 24న, కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురం తగలబడింది. ఆ రోజు రాళ్ల దెబ్బలు తిన్నవాళ్లలో పోలీసులూ ఉన్నారు. అది డబ్బు లేకపోవడం వల్ల జరిగిందని నేననను. కానీ జిల్లాకు సొంత బలగం ఎంత పలచగా ఉందో ఆ రోజు తెలిసింది. పక్క జిల్లాల నుంచి మనుషులు రావాల్సి వచ్చింది.

కొత్త రక్తం ఎప్పుడొస్తుందని అడిగితే, 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయింది. తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ఆపైన ట్రైనింగ్. నోటిఫికేషన్ చూసి పరుగు ప్రాక్టీసు మొదలుపెట్టిన కుర్రాడు యూనిఫామ్ వేసుకునే లోపల మా స్టేషన్లలో ఎంతమంది రిటైరయ్యారో! 2019 జూన్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు మా ఇళ్లల్లో పండగ చేసుకున్నారు. రోస్టర్ రాసే రైటర్ని కాబట్టి చెబుతున్నా, మనుషులు లేకుండా ఆఫ్ ఇవ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు. కొన్ని నెలలు ఇచ్చాం. తర్వాత అది కాగితం మీదే మిగిలింది.

ఈ ఖాళీని నింపేది హోంగార్డులు. 2019లో వాళ్ల భత్యం రోజుకు 710 రూపాయలు చేశారు. రోజు లెక్క కాబట్టి, డ్యూటీకి వస్తేనే డబ్బు. జ్వరం వచ్చినా వస్తారు. మీ చెరువు వైపు రాత్రి గస్తీకి బండి మీద వచ్చేది చాలావరకు ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు. వాళ్లను చూసినప్పుడు ఒక మంచి మాట చెప్పండి.

2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. సోదా చేసినా, వస్తువు స్వాధీనం చేసుకున్నా వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు వచ్చి ఆధారాలు సేకరించాలి. ఇది మంచి మార్పు అని నా గట్టి నమ్మకం. దీనివల్ల దొంగ పంచనామాలు తగ్గుతాయి. కానీ వీడియో తీసేది ఎవరి ఫోన్‌తో? ఒక సారా కేసులో లంకలోకి వెళ్లాం. మా కుర్ర కానిస్టేబుల్ ఫోన్ తీశాడు, మెమరీ నిండిపోయిందని చూపించింది. నిందితుడు పక్కనే నిలబడి ఉన్నాడు, మధ్యవర్తులు (పంచనామాకు సాక్షులు) రేవు దాటించే పంటు వెళ్లిపోతుందని తొందరపెడుతున్నారు. మా కుర్రాడు గబగబా వీడియోలు చెరిపేస్తున్నాడు. వంగి చూస్తే, వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్‌వి. ఇంట్లో ఇంకో కాపీ ఉందా అని అడిగాను. లేదండీ అన్నాడు, చెరుపుతూనే ఉన్నాడు. సైగ చేసి ఆపించి నా ఫోన్ ఇచ్చాను. ఆ ఒక్కసారి ఆపగలిగాను.

మూడో జేబు మీలాంటి వాళ్లది. ఇక్కడే నా అసలు భయం. జనం సాయం చేయడం తప్పని నేను అనడం లేదు. 1986 ఆగస్టు వరదలో నేను చేరి ఏడాదిన్నర. లంకల్లోంచి జనాన్ని తెచ్చింది ఊరివాళ్ల పడవల్లోనే, మాకు అన్నం పెట్టింది వాళ్లే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ అంతే. ఆ అన్నానికి ఎవరూ లెక్క రాసుకోలేదు, మర్నాడు ఎవరూ వచ్చి అడగలేదు.

స్పాన్సర్ సంగతి వేరు. నేను పనిచేసిన ఒక స్టేషన్‌కు ఊళ్లో స్థితిపరుడు ఒకాయన ఇన్వర్టర్ పెట్టించాడు, జీపుకు టైర్లు వేయించాడు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి కుర్చీలు ఇచ్చాడు. అప్పట్లో అందరం మెచ్చుకున్నాం. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన మేనల్లుడి కారు సైకిల్ మీద వెళ్తున్న కూలీని కొట్టింది. ఆయన ఫోన్ చేయలేదు, ఎవర్నీ బెదిరించలేదు. వచ్చి, తను ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాడు, అంతే. కేసు రాశాం. కానీ తాగి ఉన్నాడేమో తేల్చడానికి ఆ మేనల్లుణ్ని రక్తపరీక్షకు పంపమని సాయంత్రం దాకా ఒక్కరి నోటి నుంచీ మాట రాలేదు. నా నోటి నుంచి కూడా. పంపేసరికి అందులో తేలడానికి ఏమీ మిగల్లేదు. కూలీ భార్య బయట వేపచెట్టు కింద నేల మీద కూర్చుని ఉంది. ఆ కుర్చీల్లో రెండు ఖాళీగానే ఉన్నాయి, లోపలికి వచ్చి కూర్చోమ్మా అని ఎవరమూ అనలేదు.

మీరు ఈ రోజు పోసే పది లీటర్ల డీజిల్ అంత పెద్దది కాదు. కానీ మీ పక్క చెరువు కౌలు రైతు పోయలేడు. అతని మోటార్లు పోయినప్పుడు జీపు రాదు. పైగా డీజిల్ అడగడం మామూలైపోతే, పైకి ‘డీజిల్ చాలడం లేదు’ అని రాసేవాడు ఉండడు. రాయకపోతే ఆ పద్దు ఎప్పటికీ పెరగదు. ఎలాగోలా నడిచిపోతోంది కదా అనుకుంటారు.

ఇక మీరు చేయాల్సింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మోటార్ల కంపెనీ, సామర్థ్యం, కొన్న బిల్లు, మొత్తం విలువ రాయండి. విలువ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కొత్త చట్టంలో 5,000 రూపాయల లోపు దొంగతనమైతే పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేసే కేసు కాదు. మీవి నాలుగు మోటార్లు కాబట్టి ఆ ఇబ్బంది రాదు. రాగి కోసమే ఎత్తుకెళ్లి ఉంటారు, చుట్టుపక్కల పాత ఇనుము కొట్ల మీద అనుమానం ఉంటే అదీ రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్‌లో ఉంది. తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి, అదీ ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో మీకు తెలియజేయడం వాళ్ల బాధ్యత. ఇకముందు ఏం జరిగినా స్టేషన్ నంబరుకు కాకుండా 112కు చేయండి. మీరు ఎన్నింటికి చేశారు, వాళ్లు ఎన్నింటికి వచ్చారు అన్నది అక్కడ నమోదవుతుంది. మీ మండలానికి ఇంకో బండి కావాలని ఎస్పీ పైకి రాయాలంటే ఆ లెక్కలు పనికొస్తాయి.

సాయం చేయాలన్న మనసుంటే ఒక్కరుగా వద్దు, చెరువుల రైతులంతా కలిసి చేయండి. పంచాయతీ తీర్మానంతో గట్ల మొగల్లో కెమెరాలు పెట్టించండి. కొనేటప్పుడే మూడేళ్ల రిపేరు డబ్బు పక్కన పెట్టండి. మన ఉప్పుగాలికి, కరెంటు హెచ్చుతగ్గులకు కెమెరా ఏడాది ఆగడం కష్టం. ఊళ్లో పెట్టి పాడైపోయిన కెమెరాలు ఎన్ని వేలాడుతున్నాయో ఒకసారి తలెత్తి చూడండి. మీ కాపలా పాక దగ్గర పాయింటు పుస్తకం పెట్టమని ఎస్సై గారిని అడగండి. గస్తీకి వచ్చినవాళ్లు టైము వేసి సంతకం పెట్టి వెళ్తారు. దానికి ఖర్చు ఒక నోటు పుస్తకం. ఊరెళ్లేటప్పుడు ఇంటి నిఘాకు పోలీసుల ఎల్‌హెచ్ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లను కెమెరాతో కనిపెట్టే ఏర్పాటు) ఉంది, అది ఉచితం. రాత్రి మీరే వంతులవారీగా తిరిగితే మంచిదే, కానీ దొంగ దొరికితే చెయ్యి చేసుకోవద్దు. మీ కేసు పోయి మీ మీద కేసు అవుతుంది.

ఇంకొకటి, మీ ఎస్సై గారితో గొడవ పెట్టుకోకండి. ‘డీజిల్ మేము ఇవ్వలేమండీ, కానీ స్టేషన్‌కు డీజిల్ కోటా పెంచమని మా రైతులంతా సంతకాలు పెట్టి ఎస్పీ గారికి, ఎమ్మెల్యే గారికి అర్జీ ఇస్తాం’ అనండి. నేను ఆ కుర్చీలో ఉండి ఎవరైనా అలా అని ఉంటే వాళ్లకు దణ్ణం పెట్టేవాణ్ని. పైకి మేము అడిగితే క్రమశిక్షణ అంటారు, మీరు అడిగితే ప్రజాభిప్రాయం అంటారు.

అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే మోటార్ల వివరాలు, పోయిన తేదీ, మీ మండలంలో ఎన్ని ఎకరాల చెరువులున్నాయో రాసి పంపండి. నేను రాసిపెడతాను.